బిల్లు లేని సారె

నేను ఒక గరాటును. పసుపుపచ్చని ప్లాస్టిక్ గరాటును. పైన వెడల్పు నోరు, కింద సన్నని గొంతు, అంచున వేలాడదీయడానికి చిన్న చిల్లు. ఇంతకు మించి నా గురించి చెప్పుకోవడానికి ఏమీ లేదని మీరనుకుంటారు. ఆ శుభవార్త వచ్చేదాకా నేనూ అలాగే అనుకునేదాన్ని.

అది వచ్చినప్పుడు నేను, కత్తిపూడి దాటాక అన్నవరం వైపు వెళ్లే హైవే మీద, ఒక పెట్రోలు బంకును ఆనుకుని ఉన్న చిన్న షాపులో, ఇంజిన్ ఆయిల్ డబ్బాల పక్కన కొక్కేనికి వేలాడుతున్నాను. ఫోను మోగింది. కౌంటరు చూసుకునే మంగతాయారు దాన్ని స్పీకర్లో పెట్టి, బిస్కెట్ల అర సర్దుతూనే మాట్లాడింది. ఆవిడ చేతులు ఖాళీగా ఉండడం నేనెప్పుడూ చూడలేదు.

"ఆయ్, చెప్పండి సూర్రావుగారూ."

సూర్రావుగారు బంకు యజమాని. ఆయన గొంతు ఫోన్లో కూడా కిళ్లీ నములుతున్నట్టే ఉంటుంది.

"తాయారూ, ఆ ఇన్‌ఛార్జి కుర్రోడు మానేస్తానంటున్నాడు. వచ్చే నెల నుంచి ఆ కుర్చీలో నువ్వే కూర్చో."

బిస్కెట్ల పొట్లం ఆవిడ చేతిలోంచి జారింది. "నేనాండీ?"

"నువ్వే. అయితే ఒక మెలికుంది. ఈ నెల కంపెనీవాళ్ల రహస్య తనిఖీ ఇంకా అవ్వలేదు. కొనుక్కోడానికొచ్చినోళ్లలాగే వస్తారు, చూస్తారు, పోతారు. ఎవరన్నదీ నాకూ తెలీదు. అందులో షాపుకి మార్కులు నిండుగా వస్తే కుర్చీ నీది. పోయేయనుకో, మా బావమరిదిని పెట్టమని ఇంట్లో ఎలాగూ పోరు పెడుతున్నారు. జాగ్రత్త మరి."

"అలాగేనండి. అలాగేనండి" అంటూ ఫోను పెట్టేసి, ఆవిడ కాసేపు అక్కడే నిలబడిపోయింది. తర్వాత కౌంటరు వెనక ఉన్న తిరుగుడు కుర్చీ దగ్గరికి వెళ్లింది. దాని మీద కూర్చోలేదు. వేలితో ఒక్కసారి తిప్పి చూసింది. అది గిర్రున తిరిగింది. ఎవరైనా చూశారేమోనని గబుక్కున చేత్తో ఆపేసి, మళ్లీ తన స్టూలు మీదికి వచ్చింది.

కూర్చోవడానికి స్టూలు సరిపోదా అని మీకు అనిపించవచ్చు. కానీ ఆ షాపులో ఏ సరుకు తెప్పించాలో, ఏది ఏ అరలో ఉండాలో నిర్ణయించేది ఆ కుర్చీలో ఉన్నవాళ్లే. మంగతాయారుకి ఈ విషయంలో గట్టి అభిప్రాయాలున్నాయి. "కార్లో పెట్టుకునే సెంటుసీసాలు ఇన్నెందుకండీ? దారినపోయేవాళ్లకి పిన్నీసులు కావాలి, సూదీదారం కావాలి, పిల్లలకి మామిడితాండ్ర కావాలి" అని ఎన్నోసార్లు చెప్పి చూసింది. ఇన్‌ఛార్జి నవ్వేసేవాడు. అన్నాళ్లలో ఆవిడ మాట ఒక్కసారే చెల్లింది. ఆ ఒక్క మాటా నేనే. "ఆయిల్ డబ్బాలమ్ముతూ, పోసుకోడానికి గరాటు లేకపోతే ఎలాగండీ?" అని సతాయిస్తే, "సరే, ఒక్కటి తెప్పిస్తా. ఎవడు కొంటాడో నేనూ చూస్తా" అని పందెం వేసినట్టు నన్ను తెప్పించాడతను.

నేను పుట్టింది హైదరాబాదు శివార్లలో, రేకుల షెడ్డులో. పగిలిన మగ్గులు, కాళ్లు విరిగిన కుర్చీలు, మూతలు పోయిన డబ్బాలు అన్నీ నలిపి గుళికలు చేసి, కరిగించి అచ్చులోకి కొడితే నేనయ్యాను. అంటే నాలో ఎవరింటి స్నానాల గదో, ఎవరి పెళ్లిభోజనాల బంతో కొంచెం కొంచెం ఉండే ఉంటుంది. అచ్చు విప్పాక నా అంచున మిగిలిన పొరను బ్లేడుతో గీసిన అమ్మాయి నన్ను వెలుతురుకెత్తి, గొంతులోంచి ఒక కంటితో చూసి, "పర్లేదు" అంది. ఆ మాటతో లోకంలోకి వచ్చాను. గోనెసంచిలో, లారీలో, టోకు దుకాణంలో, మళ్లీ ఆటోలో కుదుపులు తిని, చివరికి ఈ కొక్కేనికి చేరాను.

కొక్కెం మీద నుంచి లోకం బాగానే కనిపిస్తుంది. నన్ను చేత్తో పట్టుకోని మనిషి లేడు. కొన్న మనిషీ లేడు. ఒక లారీ డ్రైవరు నన్ను నెత్తిన పెట్టుకుని ఫోటో తీయించుకున్నాడు. కళ్లజోడు పెద్దమనిషి ఒకాయన నా గొంతులోంచి భార్యను చూసి, "ఎంత చిన్నగా ఉన్నావో!" అని మురిసిపోయాడు. తర్వాత ఆవిడ ముఖం చూసి గబగబా నన్ను తగిలించేశాడు. వాళ్లు వెళ్లాక మంగతాయారు నన్ను తుడిచి, దుమ్ము దులిపి, ముందుకు జరిపి పెట్టేది. నేను అమ్ముడుపోవడం తన పరువు అన్నట్టు.

అలాంటి ఆవిడ మంచి సంతోషంలో ఉన్న ఆ మధ్యాహ్నం, బంకులోకి ఒక పాత వెండిరంగు కారు వచ్చి ఆగింది. ముందు బంపరుకి ఎండిపోయిన బంతిపూల దండ ఒకటి చిక్కుకుని వేలాడుతోంది. కొత్త దంపతులు! అన్నవరంలో వ్రతం చేయించుకోవడానికి వెళ్లే జంటలు ఆ దారిన రోజూ పోతూనే ఉంటాయి. పెట్రోలు కొట్టించుకున్నాక, అబ్బాయి టైర్లకి గాలి పట్టించుకునే చోటికి వెళ్లి, అక్కడినుంచి బాత్రూములవైపు నడిచాడు. మామూలుగా నడవలేదు, తలుపులన్నీ పరిశీలిస్తూ నడిచాడు. అమ్మాయి మాత్రం షాపులోకి వచ్చింది. ముదురాకుపచ్చ చీర, మోచేతుల దాకా గోరింటాకు, మెడలో పసుపు ఇంకా వదలని తాడు.

"రండమ్మా, రండి. ఏం కావాలి?" అంది మంగతాయారు.

"చూస్తానండి" అని ఆ అమ్మాయి అరలన్నీ తిరిగింది. నేను చాలామంది కొనుగోలుదారులను చూశాను కానీ ఇలా వెతికే మనిషిని చూడలేదు. ప్రతి వస్తువునూ తిప్పి ధర చూస్తుంది, పెదవి విరుస్తుంది, పక్కన పెడుతుంది. చల్లటి కాఫీ సీసా ముట్టుకుని మళ్లీ వదిలేసింది. బాదంపప్పు పొట్లాన్ని చూసి నిట్టూర్చింది. అంతలో అబ్బాయి తలుపు తోసి, సగం లోపలికి వంగి, "బిందూ, చిప్స్!" అన్నాడు ఆశగా.

"తిండి వద్దన్నానా? తింటే ఏం మిగుల్తుంది? మీరెళ్లి గాలి చూసుకోండి."

"గాలి చూశాను. గాలితో కడుపు నిండదు" అంటూ అతను వెళ్లిపోయాడు.

ఎంత పిసినారి పిల్లో అనుకున్నాను. అప్పుడామె కళ్లు నామీద పడ్డాయి. వెనక్కి తిప్పి ధర చూసింది. రెండు టీలకు అటూ ఇటూ. ఆ ముఖంలో వెలిగిన ఆనందం చూడాల్సిందే. బంగారు దుద్దులు దొరికినట్టు నన్ను కొక్కెం మీద నుంచి దించి కౌంటరు దగ్గరికి తెచ్చింది.

"కారుకా అమ్మా?" అంది మంగతాయారు.

"కాదండి. వంటింటికి. నూనె ప్యాకెట్టు సీసాలోకి పోసుకోవాలంటే చేతులన్నీ జిడ్డే కదా! వచ్చే వారమే కొత్తింట్లో పాలు పొంగిస్తున్నాం. మా అమ్మ సారెలో అన్నీ సర్దిందండి. అట్లకాడ దగ్గర్నుంచి రోకలిబండ దాకా. గరాటొక్కటే మర్చిపోయింది."

మంగతాయారు నన్ను చూసింది, ఆ పిల్లను చూసింది. ఎవడు కొంటాడో చూస్తానన్నవాడి మాట గెలవలేదు. కుర్చీ కబురు వచ్చిన పూటే కొక్కెం ఖాళీ అయింది. పైగా కొన్నది పసుపుతాడు పిల్ల. ఆవిడ మనసులో అవన్నీ ఒక్కసారే పొంగి ఉంటాయి. నాకు తెలిసిందల్లా ఇంతే. నోట్లు అందుకోవడానికి చాచిన చెయ్యి వెనక్కి వెళ్లి, దేవుడి పటం పక్కనున్న కుంకుమభరిణె అందుకుంది.

"అమ్మ మర్చిపోతే నేనిస్తాను. పర్సు లోపల పెట్టుకో."

"అయ్యో, వద్దండీ! డబ్బులు..."

"డబ్బులిచ్చి సారె తీసుకుంటారేటి ఎక్కడైనా? నుదురు ఇటు పెట్టు." పిల్లకి బొట్టు పెట్టింది. నా అంచుకి కూడా ఒక బొట్టు పెట్టింది. "కొంగు పట్టు తల్లీ."

ఆ మాట విన్నాక చీర కట్టిన ఏ కొత్త పెళ్లికూతురైనా ఏం చేస్తుంది? చేతులు వాటంతటవే కొంగును ముందుకు చాచాయి. నేను అందులో పడ్డాను. పిల్ల వంగి ఆవిడ పాదాలు తాకింది. మంగతాయారు కళ్లొత్తుకుని, "పిల్లాపాపలతో చల్లగుండు. ఎండలో తిరక్కండి" అంది. అంతే, నేను కొంగులో ఊగుతూ షాపు గడప దాటాను. ఇంతకన్నా గొప్పగా ఏ గరాటూ అత్తవారింటికి వెళ్లి ఉండదు.

కారు హైవే ఎక్కింది. అబ్బాయి అడిగాడు. "బిల్లు ఫోటో తీశావా?"

అమ్మాయి నన్ను కొంగులోంచి ఒడిలోకి తీసుకుంది.

"బిందూ? బిల్లు?"

"ఇవ్వలేదండీ."

"ఇవ్వలేదా? అడగలేదా నువ్వు?"

"ఎలా అడుగుతాను అవినాష్? ఆవిడ డబ్బులే తీసుకోలేదు. బొట్టు పెట్టి కొంగులో వేసింది."

బండి పక్కకి తీసి ఆపేశాడు అతను. అప్పుడు వాళ్లిద్దరి మాటల్లోంచి ఒక్కొక్క ముక్కే నాలోకి జారింది. ఆ రహస్య తనిఖీకి వచ్చినవాళ్లు వీళ్లే.

ఎం.కామ్ చదివిన హిమబిందు పెళ్లికి ముందే ఈ పనిలో చేరింది. ఇది ఆమెకు పరీక్ష నెల, ఇందులో నెగ్గితేనే ఉద్యోగం ఖాయం. బంకుల్లో కొనుగోలుదారుల్లా వెళ్లాలి. పెట్రోలు మీటరు సున్నా చూపించారా, గాలి ఉచితంగా పట్టారా, బాత్రూములు శుభ్రంగా ఉన్నాయా చూడాలి. షాపులో ఏదో ఒకటి కొని బిల్లు తీసుకోవాలి. కొన్నదానికి కంపెనీ తిరిగిచ్చేది కొంచెమే కాబట్టి చవకైనదే ఏరుకోవాలి. ఊరికే ఇచ్చేదేదీ ముట్టకూడదు. అన్నవరం దారిలో కొత్త జంటను ఎవరూ అనుమానించరని ఈ రోడ్డు వీళ్లకిచ్చారు. హనీమూనుకి ఊటీ వెళ్లే స్తోమత లేని వీళ్లు, పెట్రోలు ఖర్చు కంపెనీదే కదా అని, స్నేహితుడి కారు అడిగి తెచ్చుకుని దీన్నే హనీమూను అనుకుని బయల్దేరారు. బంకుకో వస్తువు చొప్పున కొత్త కాపురానికి సామాను పోగుచేసుకుంటున్నారు. వెనక సీట్లో నాకు తోటికోడళ్లు కనిపించాయి. ఒక సబ్బుపెట్టె, ఒక దువ్వెన, ఒక బుల్లి తాళం.

"ఇప్పుడేం చేద్దాం?" అన్నాడు అవినాష్. "బిల్లివ్వకుండా వస్తువు పంపేస్తే దానికంటే పెద్ద తప్పు లేదు వాళ్ల దృష్టిలో. దొంగతనం కింద లెక్క."

"దొంగతనమా! ఆవిడ ముఖం చూస్తే నువ్వామాట అనవు."

కోపం వస్తే ఆమెకు 'మీరు' కాస్తా 'నువ్వు' అయిపోతుందని నేను అప్పటికే గ్రహించాను.

"వెనక్కి వెళ్దాం. డబ్బులిచ్చేసి, బిల్లు తీసుకుంటాను. ఇంకేం అడక్కు, తిప్పు."

ఆ రోడ్డు మీద బండి తిప్పాలంటే చాలాదూరం ముందుకెళ్లి రావాలి. నేను ఆమె ఒడిలో ఉన్నాను. గోరింటాకు వేళ్లు నా అంచు చుట్టూ తిరుగుతూనే ఉన్నాయి.

బంకులో ఒక పెద్ద మోటారు సైకిలు నిలబెట్టి ఉంది. హిమబిందు నన్ను చేత్తో పట్టుకుని షాపు తలుపు దాకా వెళ్లి ఆగిపోయింది. తుడిచిన నేల ఆరడానికని తలుపు సగం తెరిచి ఉంచారు. లోపల సూర్రావుగారు నా కొక్కెం ముందు నిలబడి ఉన్నారు.

"ఇక్కడుండే గరాటేదీ?"

"అమ్ముడైపోయిందండి" అంది మంగతాయారు, గొంతులో గర్వం దాచుకోకుండా.

"ఎవరు కొన్నారూ?"

"నేనేనండి. నా డబ్బులేసి బిల్లు కొట్టేను."

"నీకెందుకే గరాటు? నీకు బండా, కారా?"

"మా అమ్మాయికండి. కొత్తగా కాపురం పెడుతోంది."

"నీకు పిల్లల్లేరు కదే!"

లోపల ఎక్కడో ఫ్యాను కిచకిచలాడుతోంది.

"ఇందాకే ఒకమ్మాయి వచ్చిందండి" అంది చివరికి. "వాళ్లమ్మ సారెలో మర్చిపోయిందట. మనసాగక కొంగులో వేసేను."

సూర్రావుగారు ముందు నవ్వారు. నవ్వు మధ్యలోనే ఆగింది. "బిల్లు ఆ పిల్ల చేతికిచ్చేవా?"

"సారెకి ధర చూపిస్తారేటండీ? నాదగ్గరే ఉంచుకున్నాను."

"ఆ పిల్లే తనిఖీకొచ్చిందయితే?"

"ఊరుకోండి! మెడలో పసుపు కూడా ఆరలేదు ఆ పిల్లకి."

"తాయారూ, నీ మంచితనం నాకు తెలుసు. కంపెనీకి తెలీదు. వస్తువు గడప దాటితే బిల్లు కొన్నవాళ్ల చేతిలో ఉండాలి. నువ్వు డబ్బులేశావా, నేనేశానా అని ఎవడూ అడగడు. ఇది గానీ తనిఖీలో పడిందో, కుర్చీ సంగతి దేవుడెరుగు, నిన్ను స్టూలు మీద కూడా ఉంచలేను నేను."

మంగతాయారు గుడ్డ అందుకుంది. ఖాళీ కొక్కేన్ని తుడవడం మొదలుపెట్టింది. తుడవడానికి అక్కడ ఏమీ లేదు.

హిమబిందు నన్ను గబుక్కున కొంగు కింద దాచేసింది. లోపలికి అడుగు పెడితే, చేతిలో గరాటు, బిల్లుకోసం వచ్చిన ముఖం, ఎదురుగా యజమాని. ఆయనకి అర్థం కావడానికి ఎంతసేపు? మెల్లగా వెనక్కి నడిచి, కారెక్కి, "పోనీ" అంది.

అన్నవరం కొండ కింద, చింతచెట్టు నీడలో కారు ఆపారు. పైనుంచి వ్రతం ముగించుకుని దిగే జంటలు నవ్వుకుంటూ పోతున్నాయి. ఫోన్లో తనిఖీ ప్రశ్నలు తెరిచి కూర్చుంది హిమబిందు. పలకరించారా? అవును. షాపు శుభ్రంగా ఉందా? అవును. చిరునవ్వు ఉందా? దీనికి అవును అని కొంచెం గట్టిగానే నొక్కింది. బిల్లు చేతికిచ్చారా? అక్కడ వేలు ఆగిపోయింది. అవును అంటే బిల్లు ఫోటో పెట్టాలి. లేదు అంటే మంగతాయారుకి ఇంక షాపు లేదు.

"అసలు వెళ్లలేదని పెట్టేస్తే?" అన్నాడు అవినాష్.

"పెట్రోలు బిల్లు అప్పుడే పంపించాం కదా."

"అయితే ఉన్నదే రాయి. మనం కావాలని చేసిందేం లేదు. మన పని మనం చేశాం."

"మన పనా? నేను కొంగు పట్టాను అవినాష్. వద్దనాల్సింది నేను. తీసుకున్నది నేను. మార్కులు పోయేది ఆవిడకా?"

"అరవకు. జనం చూస్తున్నారు."

"చూడనీ! కొత్త పెళ్లికూతురు అరవకూడదని రాసి ఉందా?"

దారిన పోతున్న ఒక ముసలావిడ నిజంగానే ఆగి చూసింది. అవినాష్ తల దించుకున్నాడు. పెళ్లయ్యాక వాళ్లకిదే మొదటి పోట్లాట అని ఇద్దరి ముఖాలూ చెబుతున్నాయి. అతను కాసేపు స్టీరింగు మీద వేళ్లతో తట్టాడు. తర్వాత చాలా మెల్లగా అన్నాడు. "ఫోన్ చెయ్యి రత్నకుమార్‌గారికి. ఉన్నదున్నట్టు చెప్పేద్దాం. నీ పని పోతే పోనీ. చిప్స్ లేకుండా బతకడం నాకు అలవాటైపోయింది."

ఆమెకి నవ్వూ ఏడుపూ కలిసొచ్చాయి. ఫోన్ చేసింది. రత్నకుమార్ విశాఖపట్నంలో ఈ తనిఖీలన్నీ చూసుకునే ఆయన. చెప్పేటప్పుడు ఆమె ఒక్క ముక్క దాచలేదు, ఒక్క ముక్క కలపలేదు. కొంగు పట్టిన సంగతి, వెనక్కి వెళ్లిన సంగతి, తలుపు దగ్గర విన్న సంగతి. ఆవిడ వెంటనే తన డబ్బులేసి బిల్లు కొట్టిందని మాత్రం రెండుసార్లు చెప్పింది.

"ఊరికే ఏదీ తీసుకోకూడదని ట్రైనింగులో చెప్పాం కదా మేడమ్" అంది అవతలి గొంతు.

"చెప్పారండి. బొట్టు పెట్టి కొంగు పట్టమంటే వద్దని ఎలా అనాలో అది చెప్పలేదు."

అవతల కాగితాలు తిప్పుతున్న చప్పుడు. నేను ఊపిరి బిగబట్టాను. గరాటుకి ఊపిరేమిటంటారా? గొంతున్న ప్రతిదానికీ ఉంటుంది.

"సరే" అన్నాడాయన. "తప్పు మన వైపు నుంచి జరిగింది కాబట్టి మీ తనిఖీ రద్దు చేస్తున్నాను. ఆ మార్కులు లెక్కలోకి రావు. కానీ నెల అయిపోతోంది, ఆ బంకుని వదిలేయడం కుదరదు. రేపే వేరేవాళ్లు వెళ్తారు. ఎవరు, ఎప్పుడు అని అడక్కండి. ఇక మీ సంగతి... ఆ దారి మీకిక ఇవ్వలేను. మిగతా పని గురించి ఇప్పుడే ఏమీ చెప్పలేను."

"ఆవిడకి ఇంకో అవకాశం ఉన్నట్టేనా సార్?"

"ఉంది. రేపు బిల్లు చేతికిస్తే."

ఫోను పెట్టేశాక ఇద్దరూ చేతులు పట్టుకుని కూర్చున్నారు. పని పోయినంత పనైనా హిమబిందు ముఖంలో తేలికదనం వచ్చింది. అదీ కొంతసేపే. కొండ దిగుతున్న జంటలను చూస్తూ చూస్తూ మళ్లీ బిగుసుకుపోయింది.

"అవినాష్, ఈ రోడ్డుకి కొత్త జంటల్నే పంపుతారు కదా?"

"అవును."

"రేపొచ్చేదీ పెళ్లికూతురే అయితే? వంటింటి వస్తువేదో తీసి, మా అమ్మ మర్చిపోయిందండీ అంటే?"

అవినాష్ గడ్డం గోక్కున్నాడు. నాదగ్గర జవాబు ఉంది, కానీ నాకు మాట రాదు. యజమాని కోప్పడ్డ సంగతి మంగతాయారుకి రాత్రంతా గుర్తుంటుంది. పొద్దున్న పసుపుతాడు పిల్ల గడప తొక్కేసరికి గుర్తుండదు. ఆవిడను కొక్కెం మీద నుంచి అంతకాలం చూసినదాన్ని, నాకా మాత్రం తెలీదా? నాలో ఏది పోసినా కిందికే పోతుంది. నేను ఆపలేను. ఆవిడ ప్రేమ కూడా నా జాతిదే.

మనుషులు ఒకరినొకరు పరీక్షించుకోవడానికి ఎంత తెలివైన ఏర్పాట్లు చేసుకున్నారో ఆ సాయంత్రమే నాకు తెలిసింది. శుభ్రతకి మార్కులున్నాయి, చిరునవ్వుకి మార్కులున్నాయి. ఒక మనిషి ఇంకో మనిషికి తల్లి అయిపోతే ఏ గడిలో టిక్కు పెట్టాలో ఎవరూ ఆలోచించలేదు. అది వాళ్ల తప్పని నేననను. వస్తువుల్ని అమ్మేచోట అలాంటిది జరుగుతుందని ఎవరు ఊహిస్తారు?

చీకటి పడకముందే హిమబిందు నిటారుగా కూర్చుంది. చీర సర్దుకుంది. ఏదో తేల్చుకున్నదాని వాలకం.

"వేరేవాళ్లొస్తారని ఆవిడకి చెప్పకూడదు" అన్నాడు అవినాష్ ముందుజాగ్రత్తగా. "అది ద్రోహం అవుతుంది."

"చెప్పను. ఒక్క ముక్క చెప్పను. ఈ దారిలో పని ఎలాగూ లేదు కదా మనకి, మామూలు మనుషులం. కొనుక్కోవడం తప్పా?"

"ఏం కొంటావు?"

"పిన్నీసులు. లేకపోతే మీ చిప్సే కొంటాను. రేపు షాపు తెరిచేసరికి మనం అక్కడుండాలి, అందరికంటే ముందు. ఆవిడ మళ్లీ డబ్బులొద్దంటుంది చూడండి. నేను ఒప్పుకోను. మా అమ్మ దగ్గర మొండికేసినట్టే మొండికేస్తాను. డబ్బులు తీసుకుని, బిల్లు నా చేతిలో పెట్టి, కూతురికైనా బిల్లివ్వాల్సిందేనని తన నోటితో అనేదాకా ఆ కౌంటరు దగ్గర్నుంచి కదలను. పక్కన మీరు మాత్రం నవ్వకూడదు."